ఏ క్లాసు కోసం అడుగుతున్నావు

బ్రెన్నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. ఈ మధ్యాహ్నం అత్తగారు లోర్నా రాదేమో, ఇక ఎప్పటికీ రాదేమో అని.

పక్క తలుపు దగ్గర కూతురు నెల్ బూట్లు తొడుక్కుని నిలబడింది. ఎడమది కుడికాలికి, కుడిది ఎడమకాలికి. మూడేళ్ళ పిల్ల. నాయనమ్మ బడి వంటగదిలో పని ముగించుకుని నేరుగా ఇక్కడికే వస్తుందనీ, వస్తూ కోటు జేబులో ఏదో ఒకటి తెస్తుందనీ దానికి తెలుసు. తలుపు అద్దానికి ముక్కు ఆనించి, ఊపిరితో మసకబార్చి, వేలితో తుడిచి మళ్ళీ చూస్తోంది.

"గ్రామీ కారు లేదు," అంది. నాయనమ్మను అది పిలిచేది అలాగే.

"వస్తుందిలే."

ఆ మాట తన చెవులకే నమ్మకంగా వినిపించలేదు బ్రెన్నాకు. పుస్తకాల సంచి భుజాన తగిలించుకుని, కారు తాళాలు చేత్తో పట్టుకుని, వెళ్ళాలో ఆగాలో తెలియక వంటింటి మధ్యలో నిలబడింది. బయట కోసేసిన మొక్కజొన్న చేల మీంచి గాలి వీస్తోంది. వీధిలో ఒక్క కారూ మలుపు తిరగలేదు.

నిన్న ఆదివారం భోజనాల దగ్గర జరిగినది పెద్ద గొడవేమీ కాదు. అసలు అదే బ్రెన్నాను భయపెడుతోంది. గొడవైతే అరుపులుంటాయి. అరిచినవాళ్ళు చల్లబడతారు కూడా. లోర్నా అరవలేదు.

మొదలుపెట్టింది కోల్బీ. అలవాటు చొప్పున పెళ్ళాం సేల్స్ చదువు మీద ఒక విసురు విసిరాడు. అమ్మడానికి కూడా డిగ్రీ ఏమిటని, తన చిన్నప్పుడు జిల్లాలో సగం మందికి ట్రాక్టర్లు అమ్మినాయనకి ట్రాక్టరు అన్న మాట రాయడం కూడా వచ్చేది కాదని అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. బ్రెన్నా కూడా నవ్వుతూనే జవాబిచ్చింది. పోయిన వారం తను రాసిచ్చిన పనికి క్లాసులో తనకే ఎక్కువ మార్కులొచ్చాయని, ప్రొఫెసర్ దాన్ని అందరికీ చదివి వినిపించిందని చెప్పింది. అక్కడితో ఆగినా బాగుండేది. పొంగిపోయి, అత్తగారి వైపు తిరిగి, "అదంతా మీ చలవే, లోర్నా. మీరు చెప్పిన మాటలే," అనేసింది.

లోర్నా చెంచా కింద పెట్టింది.

"ఏ మాటలు?"

అప్పటికి గాని బ్రెన్నాకు తను చేసిన పని తెలిసిరాలేదు.

ఆ కోర్సులో చేరిన వాళ్ళెవరికీ ఈ పని తప్పదు. తెలిసిన ఒక మనిషి దగ్గర కూర్చోవాలి. ఆ మనిషి చేసే పని గురించి అడగాలి. ఏదీ అమ్మకూడదు, పొగడకూడదు, సలహా ఇవ్వకూడదు. అడిగి, నోరు మూసుకుని, వినాలి. విన్నాక ఆ మనిషికి నిజంగా కావలసింది ఏమిటో రాసివ్వాలి. క్లాసు కోసమని ముందే చెబితే జనం క్లాసు జవాబులే చెబుతారని సీనియర్లు చెప్పారు. అందుకని బ్రెన్నా ఆ ముక్క చెప్పలేదు. కాఫీ కలిపి, యాపిల్ పెట్టి కాల్చిన తీపి 'పై' కోసి ముందు పెట్టి, మీ వంటగది గురించి తెలుసుకోవాలనుంది అంది. అది అబద్ధం కాదని తనకు తాను సర్దిచెప్పుకుంది. నిజంగానే తెలుసుకోవాలనుంది కూడా.

లోర్నా మొదట నవ్వి కొట్టిపారేసింది. నా పనిలో ఏముంది అడగడానికి అంది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది, ఇక ఆగలేదు. మొగుడు పనిచేసే ఫ్యాక్టరీ మూతపడిన ఏడు తను ఆ వంటగదిలో గిన్నెలు కడగడానికి చేరడం, తర్వాత పెద్ద వంటమనిషి కావడం, పొద్దున ఏమీ తినకుండా వచ్చే పిల్లలను కళ్ళు చూసే పోల్చుకోవడం, వాళ్ళకి ఎవరి కంటా పడకుండా రొట్టె అందించడం. చెబుతూ చెబుతూ ఒకసారి కళ్ళు తుడుచుకుంది. కాఫీ చల్లారిపోయింది, ఇద్దరూ గమనించలేదు.

నిన్న భోజనాల బల్ల దగ్గర ఆవిడకి ఆ మధ్యాహ్నమంతా తిరిగి కళ్ళ ముందు కదిలినట్టుంది. లేచింది. తన కంచం ఒక్కటే కడిగి, తుడిచి, అరలో పెట్టింది. కోటు వేసుకుంది. కోల్బీ ఏదో సర్దబోతే చెయ్యెత్తి ఆపింది.

"ముప్పై ఏళ్ళలో నా పని గురించి నన్నెవరూ అడగలేదు, బ్రెన్నా," అంది తలుపు దగ్గర. "నువ్వు అడిగావనుకున్నాను."

అంతే. తలుపు కూడా మెల్లగానే వేసింది.

ఇవాళ సోమవారం. బ్రెన్నా లోర్నాకు మరోసారి ఫోన్ చేసింది. మోగింది, మోగింది, ఆగింది. కోల్బీకి చేస్తే వెంటనే ఎత్తాడు. వెనక మొక్కజొన్న ఆరబెట్టే యంత్రాల హోరు. కోతల కాలం, గోదాము నుంచి కదలడానికి లేదు. అమ్మ అలిగితే మూడు రోజులని, నాలుగో రోజు ఏమీ జరగనట్టే వస్తుందని, నాన్న బతికున్నప్పటి నుంచీ అంతేనని చెప్పాడు.

"నాకు మూడు రోజులు లేవు, కోల్బీ. శుక్రవారమే క్లాసు పోటీ, అప్పటిదాకా రోజూ క్లాసుంది."

"అయితే ఇవాళ ఒక్క క్లాసు మానెయ్."

"మొదటిసారి కూడా ఒక్క క్లాసుతోనే మొదలైంది."

పంతొమ్మిదేళ్ళప్పుడు, నెల్ కడుపులో ఉండగా, పొద్దుటి వేవిళ్ళకు ఒక క్లాసు మానేసింది బ్రెన్నా. తర్వాత ఒక వారం. తర్వాత చదువే. ఆ సంగతి కోల్బీకి గుర్తు చేయక్కర్లేదు. చివరికి అతను, పిల్లని వెంట తీసుకుపో అన్నాడు. కోపంగా అనలేదు, ప్రేమగానూ అనలేదు.

బ్రెన్నా నెల్ బూట్లు ఊడదీసి సరిగ్గా తొడిగింది. బిస్కెట్లు, తడి గుడ్డ, రంగు పెన్సిళ్ళు సంచిలో వేసింది. కారులో కూర్చోబెట్టి పట్టీ బిగిస్తుంటే పిల్ల అడిగింది:

"గ్రామీకి మనమంటే కోపమా?"

"నా మీద," అంది బ్రెన్నా. "నీ మీద కాదు."

*

యూనివర్సిటీలో సేల్స్ విభాగానికి ఒక పొడుగాటి వరండా ఉంది. వరండాకి రెండు వైపులా అద్దాల గదులు. ఒక్కో గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, పైన ఒక కెమెరా. పిల్లలు ఒకరు అమ్మేవాళ్ళుగా, ఒకరు కొనేవాళ్ళుగా కూర్చుని రోజూ అభ్యాసం చేస్తారు. ఈ శుక్రవారం పోటీలో మాత్రం కొనేవాళ్ళ కుర్చీల్లో నిజం కంపెనీల మేనేజర్లు కూర్చుంటారు. ఎవరు బాగా మాట్లాడారో, అంతకంటే ముఖ్యం, ఎవరు బాగా విన్నారో చూసి అక్కడికక్కడే ఉద్యోగానికి పిలుస్తారు. నిరుడు ఆ గదుల్లోంచి బయటికొచ్చిన వాళ్ళలో ఒకరు ఆసుపత్రులకు ఆపరేషన్ పనిముట్లు అమ్ముతున్నారు, ఒకమ్మాయి కొలంబస్ నగరంలో కూర్చుని ఫోను మీదే దేశమంతా సాఫ్ట్‌వేర్ అమ్ముతోంది, ఒకతను రైతులకు విత్తనాలమ్ముతూ ఈ చేల మధ్యే తిరుగుతున్నాడు. బళ్ళకి, ఆసుపత్రులకి వంటగది సామాన్లు అమ్మే కంపెనీ ఒకటుంది. దాని మేనేజరు బ్రెన్నా రాసింది చదివి, శుక్రవారం ఈ అమ్మాయితో తనే కూర్చుంటానని కబురు పెట్టింది. ఇల్లు వదలక్కర్లేని చుట్టుపక్కల ఊళ్ళ ఉద్యోగం. అటువంటిది మళ్ళీ దొరకదు.

నెల్‌ని వేలు పట్టుకుని క్లాసులోకి అడుగుపెట్టేసరికి బ్రెన్నా ముఖం కందిపోయింది. ప్రొఫెసర్ ప్రూయిట్ పాఠం ఆపి చూసింది. ఈ ఉద్యోగానికి రాకముందు ఇరవై ఏళ్ళు ఆసుపత్రి మంచాలమ్మిన మనిషి, దేనికీ తొందరగా ముఖం మార్చదు. ఒక పెన్ను తీసి నెల్ చేతికిచ్చి, గోడ మీది తెల్లబోర్డు కింది సగం నీదే అంది.

వెనక వరసలోంచి డెస్మండ్ వంగి చూశాడు. ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆడిన భుజాలు. గోదాముల్లో బరువులెత్తే బండ్లు అమ్మే కంపెనీలో అతనికి ఎండాకాలంలోనే ఉద్యోగం ఖాయమైపోయింది. అందుకే క్లాసులో అందరికంటే తీరిగ్గా ఉంటాడు.

"ఈవిడేనా కొత్త కస్టమరు?" అన్నాడు. "మాట వినేలా లేదే."

"వినను," అంది నెల్, బోర్డు మీంచి చూపు తిప్పకుండా.

అందరూ నవ్వారు. బ్రెన్నాకు కాస్త ఊపిరాడింది.

ఆ రోజు పాఠం కుర్చీలు మార్చుకోవడం. ప్రొఫెసర్ ప్రూయిట్ ప్రతి ఏడూ పోటీకి ముందు వారం చేయించేదే. ఇవాళ మీరు అమ్మేవాళ్ళు కాదు, మీరు ఎవరితో మాట్లాడి వచ్చారో ఆ మనిషి మీరే అంది. ఆ మనిషి ఎలా కూర్చుంటే అలా కూర్చోండి, ఆ మనిషి మాటలే మాట్లాడండి, అవతలి కుర్చీ ఎంత దూరంగా కనిపిస్తుందో తెలుస్తుంది అంది. మొదట బ్రెన్నాను పిలిచింది. అవతలి కుర్చీలో డెస్మండ్‌ని కూర్చోమంది.

వద్దని చెప్పాలనుకుంది బ్రెన్నా. ఇంట్లో ఆ మాటల మూలంగా ఏం జరిగిందో చెప్పి తప్పించుకోవచ్చు. కానీ శుక్రవారం గుర్తొచ్చింది. కూర్చుంది.

లోర్నా కూర్చున్నట్టే కూర్చుంది. మోచేతులు బల్ల మీద ఆనించి, లేని కాఫీ కప్పును రెండు చేతులతో చుట్టి పట్టుకుని. డెస్మండ్ రోజు ఎలా మొదలవుతుందని అడిగాడు. లోర్నా మాటలు వాటంతటవే వచ్చేశాయి. పొయ్యిలు వెలిగించడం, పిండి కలిపే యంత్రాన్ని పేరు పెట్టి తిట్టడం, ఆకలితో వచ్చే పిల్లల కళ్ళు. క్లాసు ఒకచోట నవ్వింది, ఒకచోట నిశ్శబ్దమైపోయింది. సామాను గది ఎక్కడుందని అడిగాడు డెస్మండ్.

"కింద సెల్లార్‌లో. పిండి సంచీ మొయ్యాలంటే నేనే మొయ్యాలి, సాయానికొచ్చే ఆ కుర్రపిల్లలకి నడుములెక్కడివి," అంది బ్రెన్నా, లోర్నా గొంతుతో. "ఈ మధ్యే మెట్ల మధ్యలో ఒకసారి ఆగుతున్నాను. ఎడం చెయ్యి బరువెక్కుతుంది. గోడకి కాసేపు ఆనుకుంటే అదే పోతుంది."

ఆ రోజు వంటింట్లో లోర్నా సరిగ్గా ఇవే మాటలంది. వాటి తర్వాత బ్రెన్నా అడిగిన ప్రశ్న, రోజుకి ఎన్నిసార్లు దిగుతారని. లోర్నా చెప్పింది. బ్రెన్నా సంబరంగా రాసుకుంది: సెల్లార్ నుంచి సామాను పైకి లాగే చిన్న లిఫ్టు, తప్పనిసరి అవసరం. ప్రొఫెసర్ ఆ వాక్యం పక్కనే ఎర్ర సిరాతో టిక్కు పెట్టి, చాలా బాగా విన్నావు అని రాసింది.

డెస్మండ్ ఆ ప్రశ్న అడగలేదు. పెన్సిలు కింద పెట్టాడు. అమ్మేవాడి చిరునవ్వు పోయి మామూలు కుర్రాడి ముఖం బయటికొచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

బ్రెన్నా నోరు తెరిచింది. అందులో లోర్నా మాట ఏదీ లేదు. వెతికింది. ఆ మధ్యాహ్నమంతా వెతికింది. 'పై' ముక్కలు, చల్లారిన కాఫీ, కళ్ళు తుడుచుకున్న చెయ్యి.

"తెలీదు," అంది తన సొంత గొంతుతో. "నేను అడగలేదు."

బోర్డు మీద నెల్ పెన్ను కిర్రుమంటోంది. ప్రొఫెసర్ ప్రూయిట్ తన చేతిలో ఉన్న బ్రెన్నా కాగితాల వైపు చూసుకుంది, అదే పేజీ వైపు.

"నేనూ చదివాను," అంది. "టిక్కు పెట్టాను."

తర్వాత ఆవిడ బ్రెన్నా దగ్గరికొచ్చి, మిగతా వాళ్ళు వినకుండా, ఎడం చెయ్యి బరువెక్కడమంటే గుండె సంగతి కావచ్చని చెప్పి, ఇక్కడి నుంచి నేరుగా లోర్నా దగ్గరికే వెళ్ళమంది. పోటీ గురించి ఆలోచించొద్దంది. ఒక మాట మాత్రం కలిపింది. ఈసారి అడిగే ప్రశ్న నీకోసమా, ఆవిడ కోసమా అన్నది ఆవిడకి ఇట్టే తెలిసిపోతుంది సుమా అని.

*

లోర్నా ఇల్లు ఊరి అవతలి కొసన, నీళ్ళ ట్యాంకు దాటాక. వంటింటి దీపం వెలుగుతోంది. కారు చప్పుడు విని కూడా లోపలి నుంచి ఎవరూ రాలేదు. నెల్ మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు పరుగెత్తుకెళ్ళి తలుపు తోసింది.

బల్ల నిండా తెల్ల తువ్వాళ్ళు పరిచి ఉన్నాయి. వాటి మీద గుడ్లు కలిపిన పిండితో సన్నగా కోసిన నూడుల్స్ ఆరుతున్నాయి. శనివారం చర్చిలో చికెన్ నూడుల్స్ విందు. ఏటా ఊరంతటికీ సరిపడా లోర్నానే చేస్తుంది. అప్పడాల కర్ర పట్టుకుని ఇంకో ముద్ద ఒత్తుతోంది. మనవరాలిని చూడగానే వంగి, పిండి చేతులు తగలకుండా మోచేతులతోనే దగ్గరికి తీసుకుంది. పచ్చి పిండి తినకూడదని చెబుతూనే ఒక ముక్క ఇచ్చింది.

బ్రెన్నాను లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. బ్రెన్నా గడప దగ్గరే నిలబడిపోయింది.

ముందు క్షమాపణ చెప్పింది. దారిలో అనుకుంటూ వచ్చిన మాటలన్నీ కాకుండా, రెండు ముక్కల్లో. లోర్నా తలూపింది. సరే అన్నట్టు కాదు, విన్నానన్నట్టు. కర్ర ఆపలేదు. ఒత్తుతున్నప్పుడు ఎడమ చెయ్యి బల్ల అంచు మీద ఉంచి, కుడిచేత్తోనే ఒత్తుతోంది. ఇంతకుముందు రెండు చేతులతో ఒత్తేదా? బ్రెన్నా ఎంత గుర్తు తెచ్చుకున్నా తెలియలేదు. మూడేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి.

"లోర్నా, మెట్ల మీద ఆగుతున్నానన్నారు. చెయ్యి బరువెక్కుతోందన్నారు. అది ఎన్నాళ్ళ నుంచి?"

లోర్నా కర్ర ఆపింది. తలెత్తి కోడలి ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. కొట్టులో వస్తువు తీసుకుని, వెల ఎంతో అని తిప్పి చూసే చూపు.

"ఇది ఏ క్లాసు కోసం?"

"ఏ క్లాసు కోసమూ కాదు."

"ఆ రోజు కూడా ఇలాగే అడిగావు. ఇదే గొంతు. తల కొంచెం పక్కకి వంచి." లోర్నా కూడా తల వంచి చూపించింది. "అప్పుడూ నమ్మాను. కాఫీ కూడా బాగుంది."

బ్రెన్నా తల నిటారుగా పెట్టుకుంది. అది కూడా నేర్చుకుని చేసినట్టే అనిపించింది. ఇక ఏ మాట అన్నా పాఠంలోంచి వచ్చినట్టే ఉంటుంది. గొంతు తగ్గిస్తే పాఠం, పెంచితే పాఠం, ఊరుకుంటే అన్నిటికంటే పెద్ద పాఠం. అడిగాక నోరు మూసుకోమని కదా మొట్టమొదట నేర్పింది.

తను తప్పుగా విన్నానని చెప్పింది. మనిషి గురించి చెబితే మెట్ల గురించి విన్నానని, లిఫ్టు కావాలని రాశానని చెప్పింది. ఇవాళ క్లాసులో ఆ కుర్చీలో కూర్చున్నాక గాని ఆ మాట తనకు వినబడలేదంది. డాక్టరుకి చూపించుకుందాం, నేనే తీసుకెళ్తాను, రేపే వెళ్దాం అంది. లోర్నా అంతా విని, వంటగదిలో పనిచేసే ఆడవాళ్ళకి చేతులు బరువెక్కక తేలికవుతాయా అంది. యాభై దాటితే అందరూ మెట్ల మీద ఆగుతారంది. ఆ లిఫ్టేదో పెట్టించు, ఆగను అంది.

నెల్ తువ్వాలు అంచు పట్టుకుని నూడుల్స్ ఒక్కొక్కటీ లెక్కపెడుతోంది. మూడు తర్వాత ఏడు, ఏడు తర్వాత మళ్ళీ మూడు.

"కోల్బీకి చెబుతాను," అంది బ్రెన్నా.

అప్పుడు మాత్రం లోర్నా ముఖం మారింది. కర్ర పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, మొదటిసారి కుర్చీ లాగి బ్రెన్నాను కూర్చోమంది. తనూ ఎదురుగా కూర్చుంది. ఇద్దరి మధ్యా పిండి చల్లిన బల్ల.

"వాడికి చెప్పావంటే కోతలు వదిలేసి పరుగెత్తుకొస్తాడు. వాళ్ళ నాన్నప్పుడు ఏడాదంతా ఆసుపత్రి వరండాల్లో తిరిగాడు. మళ్ళీ వాడినక్కడ నిలబెట్టను." ఆగి, ఊపిరి తీసుకుంది. "నువ్వు చెప్పకు. ఇంకెప్పుడూ నన్ను ఈ సంగతి అడగకు. రేపు మామూలు టైముకి నీ తలుపు దగ్గరుంటాను. శుక్రవారం కూడా ఉంటాను. పిల్ల గురించి నీకు చింత లేదు. నువ్వు వెళ్ళి నీ పోటీ గెలుచుకో."

బ్రెన్నా చేతులు ఒడిలో పెట్టుకుంది. పొద్దుటి నుంచి ఏ మాట వినాలని ఎదురుచూసిందో ఆ మాటే ఇది. వస్తానంది. రేపూ వస్తానంది, శుక్రవారమూ వస్తానంది. దాని వెలే ఇలా ఉంది.

"చెబితే?"

"చెబితే నేను రాను. నీకు పిల్లని చూసుకునే మనిషి ఉండదు, నాకు మాట దాచే కోడలు ఉండదు."

బ్రెన్నా బల్ల మీది పిండిని వేలితో పక్కకి తోసింది. ఒప్పుకోనూ లేదు, కాదననూ లేదు. ఏ జవాబిచ్చినా అబద్ధమయ్యేలా ఉంది. లోర్నా ఆ మౌనాన్ని చూసి, దాన్ని ఒప్పుకోలుగా తీసేసుకుంది. లేచి, ఒక డబ్బాలో నూడుల్స్ పెట్టి ఇచ్చింది. కోల్బీకి వెన్న ఎక్కువేసి పెట్టు, వాడికి అలాగే ఇష్టం అంది. గుమ్మం దాకా వచ్చింది. మెట్లు దిగలేదు.

"మంచిదానివే నువ్వు," అంది, నెల్ టోపీ సరిచేస్తూ. "అమ్మడం కూడా బాగానే నేర్చుకుంటున్నావు. కొనేవాళ్ళే నీకంటే తెలివైనవాళ్ళు తగిలారు, అంతే."

నవ్వింది. బ్రెన్నాకూ నవ్వు రావలసింది, రాలేదు.

*

కోల్బీ ఆ సాయంత్రం కాస్త ముందే వచ్చాడు. జుట్టు నిండా మొక్కజొన్న పొట్టు. తలుపు తీస్తూనే డబ్బా చూశాడు, మూత తీసి వాసన చూశాడు, ముఖం వెలిగింది.

"చెప్పానా? మూడు రోజులు కూడా పట్టలేదు. ఏమంది?"

చెప్పడానికి ఇదే సమయం. నోటి దాకా వచ్చింది కూడా. మీ అమ్మ మెట్ల మీద ఆగుతోంది, కోల్బీ. ఆ ఒక్క వాక్యం. అతను డబ్బా పట్టుకుని, తన తల్లి చేతి వంట చూసి చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. నెల్ అతని కాళ్ళకి చుట్టుకుని గ్రామీ నాకు పిండి పెట్టిందని చెబుతోంది.

"రేపు వస్తానంది," అంది బ్రెన్నా.

"మంచిది," అని కోల్బీ నీళ్ళు పొయ్యి మీద పెట్టాడు. ఈల వేస్తూ వెన్న కోసం ఫ్రిజ్ తెరిచాడు.

బ్రెన్నా బల్ల దగ్గర కూర్చుని నెల్ బూట్లు విప్పుతోంది. అబద్ధం చెప్పలేదు. నిజం కూడా చెప్పలేదు. రేపు మధ్యాహ్నం పక్క తలుపు తెరుచుకుంటుంది. లోర్నా కోటు విప్పి కొక్కేనికి తగిలిస్తుంది. తను పుస్తకాల సంచి తీసుకుని, ఆవిడ చేతి వైపు చూడకుండా బయటికి వెళ్ళాలి. తన బిడ్డను వదిలి వెళ్ళాల్సింది కూడా ఆ చేతుల్లోనే. ఈ సంగతి ఆవిడ ఒప్పందంలో ఎక్కడా లేదు, బ్రెన్నాకి ఇప్పుడే తట్టింది. వేళ్ళు బూటు దారాల మధ్యే ఆగిపోయాయి.

కోల్బీ వెనక్కి తిరిగి, ఏమైంది అన్నాడు.

బ్రెన్నా ఏం చెబుతుందో ఆమెకే తెలియదు. కానీ ఇంతవరకు చదివిన మీకు ఒక మాట. లోర్నాను కోడలు అడిగితే అది పాఠం, కొడుకు అడిగితే అది భయం. వాళ్ళిద్దరికీ ఆవిడ చెప్పదు, బయటివాళ్ళకి చెబుతుందేమో. శనివారం సాయంత్రం చర్చి కింది హాల్లో ఆవిడ గరిటె పట్టుకుని నూడుల్స్ వడ్డిస్తూ ఉంటుంది. వెళ్ళేవాళ్ళు వెళ్ళండి, కంచం పట్టండి. వెళ్ళలేని వాళ్ళు, మీ చుట్టుపక్కల ఏ వంటింట్లోనో మెట్ల మధ్యలో ఆగుతున్న మనిషి ఉంటే ఆవిడ దగ్గరికి వెళ్ళండి. ఎన్నాళ్ళ నుంచి అని అడగండి. అడిగి, ఆవిడ చెప్పేదాకా అక్కడే నిలబడండి.